ఉతికిన అచ్చు

నేను ప్రింట్‌మేకింగ్ చదువుకున్నాను. ఈ మాట చెబితే మా చుట్టాల్లో సగంమంది నేను శుభలేఖలు అచ్చు వేస్తాననుకుంటారు. మిగతా సగం ఫ్లెక్సీలనుకుంటారు. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. జింకు రేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, ఆ గీతల్లో సిరా పట్టించి, తడిపిన కాగితం పరిచి, రెండు ఇనుప రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుందని చెప్పేదాన్ని. అంతా విని, "అయితే శుభలేఖలు కూడా వెయ్యొచ్చు కదా" అనేవారు. వెయ్యొచ్చు. అందుకని చెప్పడం మానేశాను.

పెళ్ళయ్యాక విశాఖపట్నం పాత ఊళ్ళో కాపురం పెట్టాం. పూర్ణా మార్కెట్‌కి సంచీ పట్టుకుని నడిచిపోయేంత దూరంలో ఒక మేడ, అందులో పై వాటా మాది. డాబా కూడా మేమే వాడుకోవచ్చని ఇంటివాళ్ళు మాట ఇచ్చారు. ఇంట్లో ముగ్గురం. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేస్తారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మూడో మనిషి మా అత్తగారు. ఆవిడది బొబ్బిలి దగ్గర పల్లె. మామగారు హార్బర్‌లో కలాసీగా చేరినప్పుడు ఆయన వెంట ఈ ఊరు వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. మామగారిని నేను చూడలేదు. మా పెళ్ళికి ముందే పోయారు.

కాలేజీలో ఉన్న ప్రెస్సు లాంటిది ఇంట్లో పెట్టుకోవాలంటే స్లాబు ఆ బరువుకి ఒప్పుకోదు. ప్రెస్సు లేకపోయినా రేకులు చేసి పెట్టుకుందామని కొన్నాళ్ళు వంటింటి బయట వరండాలో యాసిడ్ పళ్ళెం పెట్టుకున్నాను. పక్కనే తులసికుండీ ఉండేది. ఆ వాసనకి తులసి ఆకులన్నీ రాల్చేసింది. మా అత్తగారు మొక్కని లోపలికి, నన్ను డాబా మీదికి మార్చారు. తర్వాత యాసిడ్‌ని కూడా ఇంట్లోంచి పంపించేయాల్సి వచ్చింది. అప్పటినుంచి రబ్బరు షీటులాంటి లినోలియం ముక్కలు చెక్కి, సిరా రాసి, కాగితం వేసి, గరిటె వీపుతో రుద్ది ప్రింట్లు తీసేదాన్ని. ఆ గరిటె పప్పులోకి వాడేది కాబట్టి, నేను పని మొదలుపెట్టిన రోజు మా ఇంట్లో పప్పు ఉండేది కాదు.

ఒక ఏడాది మార్గశిరంలో మా అత్తగారి పుట్టింటి వైపు ఒక పెళ్ళి వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున ఆవిడ తన పాత తెల్ల నేతచీర ఒకటి ఉతికి, గంజి పెట్టి డాబా మీదికి తీసుకెళ్ళారు. గంజి విషయంలో ఆవిడకి మొహమాటం లేదు. ఆవిడ చీర ఆరాక దానంతట అది నిలబడగలదు. దండెం తాడు తెగి ఉండటంతో చీరని నేల మీదే పరిచారు. ఎగిరిపోకుండా అంచుల మీద ఇటుకలు, మధ్యలో బోర్లించిన జల్లెడ, ఒక మూల పాత చెప్పుల జత పెట్టారు. ఈలోగా కింద ఆటో వచ్చింది, మా ఆయన కేకేశారు, అందరం హడావుడిగా దిగిపోయాం. చీర సంగతి పెళ్ళిలో భోజనాల దగ్గర ఆవిడకి గుర్తొచ్చింది. అప్పటికి చేయగలిగిందేమీ లేదు గనక భోజనం చేశారు.

పెళ్ళి తర్వాత చుట్టరికాలు చూసుకుని వచ్చేసరికి వారం పైనే పట్టింది. డాబా ఎక్కి చూస్తే చీర బూడిదరంగులోకి మారిపోయి ఉంది. మా వైపు ఇళ్ళకి మసి కొత్త కాదు. పొద్దున తుడిచిన నేల మధ్యాహ్నానికి అరికాళ్ళకి నల్లగా అంటుతుంది. హార్బర్ బొగ్గు గుట్టల నుంచి గాలిలో వస్తుంది, ఎవరూ దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోరు. రోజూ రాత్రి మంచుకి గంజి మెత్తబడి, మసి దానికి అంటుకుని, మర్నాడు ఎండకి గట్టిపడింది. అలా వారం పాటు పొర మీద పొర పడింది. నేను ఇటుకలు తీశాను. ఇటుక ఉన్నచోట చీర అసలు రంగు, చుట్టూ బూడిద, మధ్య కత్తితో కోసినట్టు అంచు. జల్లెడ ఎత్తితే కింద గుండ్రంగా ఒక లేత నీడ. చెప్పుల అరికాళ్ళు రెండూ తెల్లగా వచ్చాయి. మధ్యలోంచి ఒక పిల్లి అటునుంచి ఇటు నడిచి వెళ్ళింది. దాని అడుగులు సరిగ్గా ఉండాల్సిన చోట ఉన్నాయి. నేను చేసి ఉంటే అంత బాగా పెట్టగలిగేదాన్ని కాదు.

నా వెనకే మోకాళ్ళు పట్టుకుని మా అత్తగారు ఎక్కి వచ్చారు. చీర నాశనమైపోయిందన్నారు. బకెట్ తెమ్మన్నారు. ఆ చీర నాకిచ్చేయమని అడిగాను.

"ఏటి సేత్తావ్?"

"ఉంచుకుంటాను అత్తయ్యా."

"మసిగుడ్డకా?"

అలాంటిదేనని చెప్పాను. అబద్ధం కాదు. ఆవిడ ఇచ్చేశారు.

తర్వాత రెండు మూడు చలికాలాలు నేను అదే పని మీద ఉన్నాను. రేకు, సిరా, ప్రెస్సు ఏవీ అక్కర్లేదు. చెయ్యాల్సిందల్లా గుడ్డకి గంజి పట్టించి, దాని మీద వస్తువులు సర్ది, వదిలేయడమే. గంజి పలచనైతే మసి నిలవదు, చిక్కనైతే చీమలు వస్తాయి. వర్షం పడితే మొత్తం పోతుంది. అచ్చు పడ్డాక తుమ్మజిగురు నీళ్ళు సన్నగా చల్లి ఆరబెడితే మసి చేతికి అంటదు. కత్తెర, దువ్వెన, సైకిల్ చెయిన్, మా ఆయన హెల్మెట్, వెల్లుల్లి రెబ్బలు పెట్టి చూశాను. వెల్లుల్లి కాకులు ఎత్తుకుపోయాయి. ఎత్తుకుపోయిన రోజుని బట్టి ఒక్కో రెబ్బ ఒక్కో రంగులో వచ్చింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఇవన్నీ చూసి, హెల్మెట్ ఎప్పుడు తిరిగిస్తావని మాత్రం అడిగేవారు.

ఇంటావిడకి మాత్రం ఇది నచ్చలేదు. ఒకరోజు నీళ్ళ ట్యాంకు చూడటానికి పైకి వచ్చి, పరిచిన చీర, దాని మీద వరసగా పెట్టిన కత్తెర, దువ్వెన, తాళంచెవులు చూసి అలాగే వెనక్కి దిగిపోయింది. మా ఇంటికి ఎవరో ఏదో చేయించారని ఆవిడకి అర్థమైంది. సాయంత్రం మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, చాలా మర్యాదగా, ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగింది. నేను ప్రింట్‌మేకింగ్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. రోలర్ల దాకా వచ్చేసరికి మా అత్తగారు అడ్డొచ్చి, అది సింహాచలం అప్పన్న మొక్కు అన్నారు. కోడలికి ఆరోగ్యం బాగుండాలని మొక్కుకున్నదట, చలికాలం అంతా ఉంటుందట. ఇంటివాళ్ళిద్దరూ స్థిమితపడ్డారు. మర్నాటి నుంచి ఇంటావిడ పొద్దున్నే పైకి వచ్చి చీర దగ్గర చెప్పులు విడిచి దండం పెట్టుకుని, ఒక బంతిపువ్వు వేసి వెళ్ళేది. నేను తీసేదాన్ని కాదు. ఆ ప్రింటులో పువ్వులు ఉన్న భాగమే బాగా వచ్చింది.

హైదరాబాద్‌లో గ్యాలరీ నడిపే ఒకాయన ఆర్ట్ క్యాంపు పనిమీద మా ఊరు వచ్చి, ఎవరో చెబితే మా ఇంటికి వచ్చాడు. నలభైల్లో ఉంటాడు, మాట నెమ్మది. నేను పనులన్నీ మంచం మీద పరిచి చూపించాను. ఎడిషన్ ఎంత అని అడిగాడు. అంటే ఒక్కో బొమ్మకి ఎన్ని కాపీలు తీశానని. ఒక్కటే అన్నాను. కాపీలు లేకపోతే ప్రింటు ఎలా అవుతుందని అడిగాడు. ఒకదాని ఆనవాలు ఇంకోదాని మీద పడితే ప్రింటే కదా అన్నాను. అయితే ఇది నగరం మీద నిరసన అన్నాడు. మా అత్తగారు కాఫీ ఇచ్చారు.

అన్నిట్లోకీ అతనికి నచ్చింది మొట్టమొదటి చీరే, పిల్లి నడిచినది. వేసవిలో పెట్టబోయే ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగా అదే ఉండాలన్నాడు. పుష్యమాసంలో పార్సిల్ మనిషిని పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో నా పనిని ఒకరు అడగడం అదే మొదలు. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌కి కూడా చెప్పాను. ఆవిడ సంతోషించి, స్కూల్ వార్షికోత్సవం శుభలేఖ నన్నే వెయ్యమంది.

పార్సిల్ మనిషి వచ్చే ముందురోజు స్కూలు నుంచి వచ్చేసరికి మా అత్తగారు డాబా మెట్ల మీద కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. బాగా బట్టలు ఉతికినప్పుడు అలా రాసుకుంటారు. పైకి వెళ్ళాను. కొత్త దండెం మీద ఆ చీర ఆరుతోంది.

ఎక్కడైనా కాస్త ఆనవాలు మిగిలి ఉంటుందేమోనని వెతికాను. మా పనిలో అదొక పద్ధతి ఉంది, రేకు మీద మిగిలిపోయిన సిరాతో రెండోసారి తీసే లేత అచ్చుకి కూడా విలువుంటుంది. ఎండకి ఎత్తి చూశాను, తిరగేసి చూశాను. ఏమీ లేదు. ఆవిడ చాలా బాగా ఉతుకుతారు. నీలిమందు కూడా పెట్టారు.

కిందికి వచ్చి, ఎందుకు ఉతికారని అడిగాను. ఆవిడ నూనె సీసా మూత పెట్టారు.

"ఊరు ఊరంతా సూసే కాడికి మాసిన సీర అంపుతామేటి? అది నా సీర."

"మీరు నాకిచ్చేశారు కదా అత్తయ్యా."

"మసిగుడ్డకన్నావు, ఇచ్చినాను. గోడకి ఏలాడదీత్తానంటే మళ్ళీ సీర అయిపోనాది." సీసా మెట్టు మీద పెట్టారు. "మీ మావ రోజూ సాయంత్రం ఈ మసే సొక్కా నిండా పట్టుకొచ్చేవోడు. నా కాపరవంతా అదే ఉతికినాను. ఏ రోజూ ఆయన్ని మాసిన గుడ్డతో గుమ్మం దాటనివ్వనేదు. ఇప్పుడు ఆ మసికే నువ్వు దండం ఎడతన్నావు. మరి నాను ఉతికిందంతా ఏటయినట్టు?"

నాకు ఏడుపు వస్తోంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, తనే అన్నం వండారు. అది ఉడకలేదు. ముగ్గురం అదే తిన్నాం.

గ్యాలరీ ఆయనకి ఫోన్ చేసి, చీర ఉతికేశారని చెప్పాను. అది కావాలని చేసిన పనా అని అడిగాడు. కావాలనే అన్నాను. అతని గొంతులో ఉత్సాహం వచ్చింది. అయితే ఉతికిన చీరనే పంపమన్నాడు, పక్కన ఈ కథంతా రాసి పెడతానన్నాడు. కావాలని ఉతికింది నేను కాదు, మా అత్తగారు అని చెప్పాను. అది ఇంకా మంచిదన్నాడు. పంపనని చెప్పి పెట్టేశాను. మా అత్తగారి చీర మాసినప్పుడు చూపిస్తే ఒక అవమానం, ఉతికినప్పుడు చూపిస్తే ఇంకోటి. ఆ సంగతి అప్పుడే నాకు తట్టింది.

కొన్నాళ్ళు మేమిద్దరం పనికి సంబంధించిన మాటలే మాట్లాడుకున్నాం. పాలు వచ్చాయి, కరెంటు పోయింది, అంతే. నేను డాబా ఎక్కడం మానేశాను.

మాఘం మొదట్లో ఒక ఆదివారం పొద్దున పైనుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మా అత్తగారు ఒక కొత్త తెల్ల దుప్పటి పరుస్తున్నారు. మార్కెట్‌కి వెళ్ళి తానే కొని తెచ్చారట. గంజి పెట్టేశారు, ముడతలు చేత్తో సాపు చేస్తున్నారు. పక్కన ఇంట్లోని మంచి సామానంతా ఉంది. అటకమీది ఇత్తడి బిందె, మరచెంబు, పెద్ద పళ్ళాలు, స్టీలు గ్లాసులు, ఆవకాయ జాడీ. చింతపండు పెట్టి తోమినట్టున్నారు, ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. ఆ మోకాళ్ళతో అవన్నీ ఎన్నిసార్లు మోసి ఉంటారో తెలియదు.

ఏం చేస్తున్నారని అడిగాను.

"హైదరాబాదు అంపాలంటే ఇలగ అంపాల. గుడ్డ కొత్తది. సామాను మంచిది. ఆ మసి ఎలాగూ పడతాది కదా, దాని పని అది సేసుకుంటాది."

ఆవిడ వాటిని సారె పేర్చినట్టు పేర్చారు. కాపురానికి వెళ్ళే పిల్లతో పంపే సామాను చాప మీద పెట్టి ఇరుగుపొరుగుకి చూపిస్తారే, అలాగ. నడుమ బిందె, దానికి అటూ ఇటూ సమానంగా పళ్ళాలు, ముందు వరసగా గ్లాసులు, జాడీ ఒక చివర, మరచెంబు ఇంకో చివర. కాలేజీలో మొదటి సంవత్సరంలోనే చెయ్యొద్దని చెప్పే పనులన్నీ అందులో ఉన్నాయి. అన్నీ మధ్యలోనే ఉన్నాయి, రెండు వైపులూ ఒకేలా ఉన్నాయి. చూపు తిరగడానికి చోటు లేదు. నేను చెప్పలేదు. ఆవిడ కిందికి వెళ్ళినప్పుడు మాత్రం కుడివైపు పళ్ళాన్ని జానెడు పక్కకి జరిపాను. మర్నాడు చూస్తే అది తిరిగి పాత చోటికి వచ్చేసింది. మళ్ళీ జరిపాను. మళ్ళీ వచ్చింది. ఆ నెలంతా మేం దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు, పళ్ళెం మాత్రం తిరుగుతూనే ఉంది. మిగతా సామాను దగ్గరికి నన్ను రానివ్వలేదు. పగలంతా ఆవిడ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని, చేతిలో కర్రతో కాకులకి కాపలా ఉన్నారు. ఇంట్లో మేము ప్లాస్టిక్ గ్లాసుల్లో మంచినీళ్ళు తాగాం.

ఎండలు ముదరగానే తీశాం. నేను తుమ్మజిగురు చల్లాను, ఆవిడ పక్కనే నిలబడ్డారు. బూడిదరంగు నడుమ తెల్లటి సున్నాలు, పెద్దవీ చిన్నవీ, వరసలు తీరి ఉన్నాయి. బిందె ఉన్న చోటు చంద్రుడిలా లేదు, బిందె ఉన్న చోటులాగే ఉంది. కుడివైపు పళ్ళెం ఒక్కటీ రెండుగా వచ్చింది, ఒక సున్నా మీద ఇంకో సున్నా జారినట్టు, మధ్య రెండు మూడు రకాల నీడలు పడ్డాయి. ఆవిడ దాన్ని చూసి నన్ను చూశారు. నేను జిగురు సీసా కడగడానికి వెళ్ళాను. మా ఆయన మొత్తం చూసి బాగుందన్నారు. నా పనుల్లో దేన్నీ ఆయన బాగుందని అనలేదు.

ఫోటో పంపితే గ్యాలరీ ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ప్రదర్శనకి ఆవిడ కూడా వస్తానన్నారు. రైల్లో దారంతా ఆ దుప్పటి మడత ఎలా వేసి ఉంటారోనని కంగారుపడ్డారు. గుమ్మానికి ఎదురుగా పెద్ద తెల్లగోడ మీద దాన్ని చూశాక మెల్లగా గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డారు. పెళ్ళింట్లో సారె దగ్గర ఆడపిల్ల తాలూకు పెద్దావిడ నిలబడినట్టు.

మొదట ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఇదేమిటని అడిగారు. ఆవిడ చెప్పారు. ఈ బిందె పుట్టింటిదని, ఈ పళ్ళాలు మామగారు తొలి బోనస్‌కి కొన్నవని, ఈ జాడీ అడుగంచు మా ఆయన చిన్నప్పుడు పగలగొట్టాడని, అందుకే దాని సున్నా కొంచెం వంకర అని. అమ్మాయిలు వెళ్ళలేదు. ఇంకొంతమంది చేరారు. ఒకావిడ, ఈ నలుపంతా ఏమిటమ్మా అని అడిగింది. మసి అని చెప్పారు. ఉతికితే పోతుందా అని అడిగితే, "నాను ఉతికితే పోతాది" అన్నారు.

గ్యాలరీ ఆయన ఆ రెండుగా వచ్చిన పళ్ళెం దగ్గర నిలబడి ఒక పెద్దమనిషికి ఏదో వివరిస్తున్నాడు. మొత్తం పనిలో ఉద్వేగమంతా అక్కడే ఉందంటున్నాడు. మా అత్తగారు అది విని, గోడ మీద అంటించిన చీటీ దగ్గరికి వెళ్ళి, కూడబలుక్కుంటూ చదివారు. అందులో నా పేరు ఒక్కటే ఉంది.

"నీ పేరే రాసినారు."

మార్పించాలని పొద్దున్నే అడిగానని, కొత్త చీటీ అచ్చవడానికి రేపటిదాకా పడుతుందన్నారని చెప్పాను. నిజమే చెప్పాను. ఆవిడ తలూపారు.

"ఆ పళ్ళెం నీదే. అది నీ పేరున ఉండనీ. మిగతాది నాది."

మర్నాడు చీటీ మార్చారు. ఇద్దరి పేర్లూ వేశారు, ఆవిడది ముందు.

ఈ చలికాలం నుంచి డాబాని సగం సగం చేసుకున్నాం. ట్యాంకు నీడ పడని సగం ఆవిడది. ఆవిడ తన దుప్పటి మీద మామగారి చొక్కా ఒకటి, ఉతికి ఇస్త్రీ చేసినది, చేతులు చాపి పెట్టారు. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. రోజూ పొద్దున దాని మీద పడ్డ మసిని మెత్తటి గుడ్డతో దులిపి, మళ్ళీ అక్కడే పెడతారు. నేను నా వైపు నాలుగు రకాలుగా సర్ది చూస్తున్నాను. గ్యాలరీ ఆయన వారానికోసారి ఫోన్ చేసి, ముందు ఆవిడ పని ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. చెబుతాను. తర్వాత, మీరెలా ఉన్నారని నన్ను అడుగుతాడు.